అరుచుకుంటూ వచ్చే జ్ఞానవతి

చలపతి మాస్టారి నోరు మూయించిన మనిషిని కాసులమ్మ తన జన్మలో ఒక్కదాన్నే చూసింది. జెట్టీ దగ్గర టీ, పూరీ అమ్ముకునే జ్ఞానవతి.

మాస్టారంటే ఆషామాషీ మనిషి కాదు. దీవిలో ఉన్న ఒక్క బడికీ హెడ్‌మాస్టరుగా చేసి, రిటైరయ్యాక విజయనగరం తిరిగి వెళ్లకుండా ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. పంచాయతీ వాళ్ల వెంటపడి, పోర్ట్ బ్లెయిర్ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, జెట్టీ పక్కన కమ్యూనిటీ హాలుకి మైకు సెట్టు తెప్పించింది ఆయనే. హాలు ముందు ఇనుప స్తంభానికి బాకాలు కట్టించింది ఆయనే. అవి మాట్లాడితే కొండ మీద మేస్తున్న గొడ్లు కూడా తలెత్తి చూస్తాయి. ఇంత చేశాక ఆ మైకు తన సొంత గొంతేనని మాస్టారు అనుకోవడంలో వింతేముంది?

ఆ పొద్దున పక్క దీవి రంగత్ ఆస్పత్రిలో పెద్దబ్బాయి అనే అతను పోయాడని పోలీసు చౌకీ వైర్‌లెస్‌లో కబురొచ్చింది. పెద్దబ్బాయి పోకతోటల్లో కూలికి పోయే మనిషి. కడుపునొప్పి అంటూ నడిచి వెళ్లి బోటెక్కినవాడు. పెళ్లాం కళ్యాణి చంటిపిల్లతో కొండవార ఇంట్లో ఉంది. కాసులమ్మ హాలుకి వెళ్లింది అందుకు కాదు, తప్పిపోయిన తన మేకపిల్ల సంగతి మైకులో చెప్పించుకోవడానికి. ఆమె వెళ్లేసరికి మాస్టారు మైకు చేతబట్టుకుని గొంతు సవరించుకుంటున్నాడు. ఇంతలో జ్ఞానవతి కొట్టు వదిలేసి ఉరుక్కుంటూ వచ్చింది. గోడకున్న ప్లగ్గు పీకింది. సెట్టు వెనక నుంచి వైరు కూడా ఊడబెరికి, చుట్టచుట్టి బొడ్లో దోపుకుంది.

"ఏమిటీ పని, జ్ఞానవతీ? వైరు ఇలా ఇయ్యి. మధ్యాహ్నం బోటుకి శవం వస్తోంది. ఊరికి తెలియాలా వద్దా?"

"తెలవాలి మాస్టారూ. ముందు పెళ్లానికి తెలవాలి. తర్వాత ఊరికి."

"మైకులో చెప్తే ఆవిడకీ తెలుస్తుంది కదా!"

"ఆ పిల్ల ఇప్పుడు బావికాడ ఉందో, పొయ్యికాడ ఉందో, కాళ్ల మీద చంటిదాన్నేసుకుని నీళ్లు పోస్తందో. మీ బాకా ఆకాశంలోంచి 'నీ మొగుడు పోయాడు' అని అరిస్తే, ఆ పిల్ల చేతిలో ఉన్నది ఏటయిపోతాదండీ?"

"చూడమ్మా, ఇది పబ్లిక్ ఇన్ఫర్మేషను. సెంటిమెంటు కుదరదు."

"కుదరకపోతే పోనీండి. వైరు నా బొడ్లో ఉంది. తీసుకుంటారా?"

చుట్టూ చేరినవాళ్లు కిసుక్కుమన్నారు. మాస్టారి మొహం ఎర్రబడింది. పంచాయతీకి రిపోర్టు చేస్తానన్నాడు, మైకు ప్రభుత్వ ఆస్తి అన్నాడు, చదువుకోని వాళ్లతో ఇదే గొడవన్నాడు. జ్ఞానవతి అన్నీ విని, ఒక్క అడుగు ముందుకేసి, గొంతు తగ్గించి అడిగింది.

"మీ అమ్మగారు పోయినప్పుడు మీకెలా తెలిసింది మాస్టారూ?"

అప్పుడు మాస్టారు వైజాగ్ నుంచి వస్తున్న ఓడలో ఉన్నాడు. ఓడ మైకులో ఆయన పేరు పిలిచి, తల్లిగారు మరణించారు, ఆఫీసు దగ్గరకి రావాలని హిందీలో ఓసారి, ఇంగ్లీషులో ఓసారి చెప్పారట. డెక్కు మీదున్న జనమంతా 'ఎవరా ఆ కొడుకు' అని తలలు తిప్పి వెతికారట. చేతిలో పేకముక్కలు కింద పెట్టాలని కూడా తోచక, వాటిని పట్టుకునే ఆఫీసుకి వెళ్లాడట. జ్ఞానవతి కొట్టు బల్ల మీద కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆయనే ఎప్పుడో చెప్పుకున్న సంగతి ఇది.

మాస్టారు మైకు బల్ల మీద పెట్టేశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"వెళ్లమ్మా. చెప్పిరా. నువ్వొచ్చాకే పెడతాను."

ఆమె వైరు తిరిగివ్వలేదు. బొడ్లో అలాగే ఉంచుకుని కొండవారకి నడిచింది. కాసులమ్మ "మరి నా మేకపిల్ల?" అనబోయి, ఎందుకో ఊరుకుంది. కాసులమ్మ ఊరుకోవడం కూడా ఆ దీవిలో వార్తే.

ఆ రోజు నుంచీ దీవికి ఒక పద్ధతి వచ్చింది. చెడ్డ కబురు ముందు జ్ఞానవతి కాళ్ల మీద వెళ్లాలి, ఆ తర్వాతే మైకెక్కాలి. ఆమె వెళ్లిన ఇంట్లో మొదట చేసే పని పొయ్యి ఆపడం. గ్యాసైతే మర తిప్పుతుంది, కట్టెలైతే బయటికి లాగి నీళ్లు చల్లుతుంది. కత్తిపీట ఉంటే గోడవారకి జరుపుతుంది. చంటిపిల్ల ఉంటే ఎత్తుకుంటుంది. అప్పుడు నోరు విప్పుతుంది.

పోనుపోను మైకు కూడా ఆమె చేతికే వచ్చింది. మాస్టారు చదివితే అది ఆఫీసు కాగితంలా ఉండేది, అర్థమైనవాళ్లు తక్కువ. జ్ఞానవతి చెప్తే దీవిలో పొయ్యిల దగ్గర చేతులు ఆగేవి.

"సునో సునో! రేపు రంగత్ బోటు తెల్లారే ఉంది. లేటుగా వచ్చి నన్ను తిట్టకండి భయ్యా, బోటు నాది కాదు. సూదిమందు దీదీ వచ్చింది, చంటిపిల్లల్ని తీసుకురండి, దాక్కునే మగాళ్లు కూడా రండి, బీపీ చూస్తాదంట. కూరగాయలు దిగాయి. బెండకాయలు ముదిరిపోయాయి, కొనకండి. కాసులమ్మ మేకపిల్ల ఈసారి కూడా దొరికింది. ఎక్కడ దొరికిందో చెప్పను, కట్టేసుకున్నోడికి తెలుసు."

బెండకాయలమ్మే బెంగాలీ భయ్యా ఆ రోజు కొట్టు ముందు నిలబడి గంటసేపు తగువాడాడు. సాయంత్రం అతనే ఆమె కొట్లో టీ తాగి, మర్నాడు లేత బెండకాయలు తెచ్చాడు.

అయితే ఈ పద్ధతి వల్ల జ్ఞానవతికో చిక్కొచ్చి పడింది. ఆమె ఎవరింటి దారి పట్టినా ఆ ఇంట్లోవాళ్ల పై ప్రాణాలు పైనే పోయేవి. దీవిలో ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు నీళ్ల మీద ఉంటారు. డింగీ పడవలో చేపలకి వెళ్లినవాళ్లు, బోటు మీద తాళ్లు కట్టే లస్కరు పని చేసేవాళ్లు, ఆస్పత్రికని ఓడెక్కినవాళ్లు. ఆమె ఉత్తినే కరివేపాకు కోసం వచ్చినా, ఇల్లాలు గుమ్మంలోనే కూలబడేది. ఒకావిడైతే ఆమెని చూసి తలుపేసుకుని, కిటికీలోంచి ఏడుపు లంకించుకుంది. తీరా చూస్తే జ్ఞానవతి వచ్చింది రవికె కుట్టించుకోవడానికి.

"నన్ను చూస్తే దెయ్యాన్ని చూసినట్టు చూస్తన్నారు వదినా" అని ఆమె కాసులమ్మ దగ్గర వాపోయింది. వరస లేదు, ఒక కులం కాదు, ఒక మతం కాదు. ఒకరిది సముద్రమ్మకి కొబ్బరికాయ కొట్టే ఇల్లు, మరొకరిది ఆదివారం తెలుగు ప్రార్థనకి వెళ్లే ఇల్లు. అయినా మొదటి నుంచీ వదినే.

"మరి దొంగపిల్లిలా వస్తే ఏటనుకుంటారే? ఎందుకొస్తన్నావో అరుచుకుంటూ రా!" అని కాసులమ్మ కసిరింది.

కసురుకి అన్న మాటే. జ్ఞానవతి దాన్ని పట్టుకుంది. మర్నాటి నుంచీ దారి మలుపు దగ్గరే మొదలుపెట్టేది. "ఉల్లిపాయలకొచ్చానే!" అని. "పులుసుకి చింతపండు లేదే!" అని. "నా లంగా ఎగిరొచ్చిందా మీ దొడ్లోకీ!" అని. పిల్లలు వెంటపడి వెక్కిరించేవాళ్లు. దాని ఇంట్లో ఏముందో ఏం లేదో దీవి మొత్తానికీ తెలుసని కాసులమ్మ ఎగతాళి చేసేది. కానీ ఆ అరుపు చెవిన పడగానే కాసులమ్మ గుండె కూడా కిందకి దిగి, ఉండాల్సిన చోట కుదురుకునేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

జ్ఞానవతి ఇదంతా ఊరికే నెత్తికెత్తుకోలేదు. ఆమె కుడి మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ముడతలు పడి మెరుస్తూ ఉంటుంది. అడిగినవాళ్లకి చెప్పదు. కాసులమ్మకి అడగక్కర్లేదు, ఆ రోజు అక్కడే ఉంది. జ్ఞానవతి మొగుడు యేసురాజు చేపలకి వెళ్లి తిరిగిరాని రోజు అది. వెతకడానికి వెళ్లిన బోటు ఇంకా జెట్టీకి తాకనైనా లేదు. నీళ్ల మీద నుంచే ఎవడో ఒడ్డునున్న ఎవడికో అరిచి చెప్పాడు, యేసురాజు దొరికాడు, ప్రాణం లేదు అని. జ్ఞానవతి అప్పుడు మరిగే నూనెలో పూరీ వేస్తోంది. మూకుడు ఒరిగి నూనె మీద పడింది. కొడుకు స్టీవెన్ అప్పటికి బల్ల కింద ఆడుకుంటున్న పిల్లాడు. వాడి మీద ఒక్క చుక్క కూడా పడకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ స్టీవెన్ నీళ్ల మీదకి పోకూడదని చేయనిదంటూ లేదు. పోర్ట్ బ్లెయిర్ పంపి ఇంజన్ మెకానిక్ పని నేర్పించింది. వాడు శ్రద్ధగా నేర్చుకుని తిరిగొచ్చి, ఒక పాత ఇంజన్ కొని, దాన్ని ఒక పాత డింగీకి బిగించుకుని చేపలకి పోవడం మొదలెట్టాడు.

"ఊరందరి ఇంజన్లకీ వైద్యం చేస్తాడు గానీ, వాడి ఇంజనే దగ్గుతా ఉంటాది" అనేది కాసులమ్మ.

"నీ కొడుకు ఇంజను బాగుచేసిందెవరు వదినా?"

"అందుకే అదీ దగ్గుతోంది."

కాసులమ్మ కొడుకు నూకన్న, స్టీవెన్, ఎవరి డింగీ వాళ్లదైనా వెళ్లేది కలిసే. మొన్న వైశాఖం చివర్లో కూడా అలాగే కలిసి వెళ్లారు. తెల్లవారేసరికి నీళ్లు నూనె పోసినట్టున్నాయి. ఆ నునుపు చూసే కాసులమ్మకి నచ్చలేదు. "మౌసమ్ బాగుందమ్మా, పొద్దెక్కేసరికి వచ్చేస్తాం" అన్నాడు నూకన్న. స్టీవెన్ ఇంజన్ తాడు లాగి లాగి, అది అందుకోగానే కాసులమ్మకి చెయ్యి ఊపాడు. "చూశావా పెద్దమ్మా, దగ్గలేదు!" అని అరిచాడు.

పొద్దెక్కింది. వాళ్లు రాలేదు. దక్షిణం వైపు ఆకాశం కాటుక పెట్టినట్టు నల్లబడింది. గాలి ముందు కొబ్బరాకుల్ని పలకరించి, తర్వాత మెడలు వంచింది. రంగత్ బోటు బంద్ అని మైకు చెప్పింది. పిల్లల్ని బడి నుంచి తీసుకుపొమ్మని చెప్పింది. డింగీలు ఎవరివి ఒడ్డున ఉన్నాయో వాళ్లు పైకి లాక్కోమని చెప్పింది. జ్ఞానవతి గొంతు మామూలుగానే ఉంది. అది మామూలుగా ఉండటానికి ఎంత అవస్థ పడుతోందో కాసులమ్మకి వినబడుతూనే ఉంది.

కోడలు హేమమాలిని ఫోను చేతిలోంచి దించడం లేదు. సిగ్నలు ఒకసారి వస్తోంది, ఒకసారి పోతోంది. దీవిలో కుర్రాళ్లు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపొకటుంది. అందులో ఎవరో తిరగబడ్డ డింగీ ఫొటో పెట్టారు.

"అత్తయ్యా, ఇది చూడండి. మనదేనా? రంగు చూడండి, నీలం రంగేనా?"

కాసులమ్మ కళ్లు చిట్లించింది. ఫొటోలో వాన, నురగ, ఏదో బోర్లాపడ్డ చెక్క. ఏ సముద్రమో, ఏ ఏడాదో. కానీ చూసిన కంటికి అది నీలంగానే కనబడింది. ఇంకోసారి చూస్తే ఆకుపచ్చగా కనబడింది.

"ఆ దరిద్రాన్ని అవతల పడెయ్యవే. పెట్టినోడి చేతులు పడిపోను!"

అప్పుడే బాకాలు గరగరలాడాయి.

"సునో. నేను జ్ఞానవతిని. ఫోన్లో ఫొటో ఒకటి తిరుగుతోందంట. అది మన డింగీ కాదు, మన నీళ్లు కాదు. పెట్టిన వాడి చెవి మెలెయ్యమని మాస్టారికి చెప్పాను. ఇద్దరు పిల్లలు ఇంకా రాలేదు, ఆ మాట నిజం. చౌకీలో వైర్‌లెస్ ముందు మనుషులున్నారు. ఫోన్లో వచ్చింది కబురు కాదు. నేను నడిచి వస్తేనే కబురు. అప్పటిదాకా ఎవరూ ఏడవకండి."

ఇద్దరు పిల్లలు అంది. అందులో ఒకడు తన కొడుకని అనలేదు.

హేమమాలిని ఫోను బోర్లా పెట్టింది. కాసులమ్మ అరుగు మీద కూర్చుంది. ఆమె ఇల్లు కాస్త మెరక మీద ఉంటుంది. అక్కడి నుంచి సముద్రం ఒక ముక్క కనబడుతుంది, దారి అంతా కనబడుతుంది. పోకచెట్ల దగ్గర మలుపు, తర్వాత పనసచెట్టు, తర్వాత రాళ్లు పేర్చిన మెట్లు. ఏ రోజైనా ఆమె సముద్రం వైపే చూసేది. ఆ రోజు దారి వైపు చూసింది. ఎవరూ రాకూడదని చూసింది. వచ్చేదేదో సముద్రం వైపు నుంచే రావాలి, తడిసి, తిట్లు తిని, అన్నం అడుగుతూ రావాలి.

మలుపు దగ్గర ఏదో కదిలింది. ఆమె మెడ చాచి చూసింది. ఆవు. కాసేపటికి మళ్లీ కదిలింది. పక్కింటి గొడ్లకాపరి, తలమీద గోనెసంచి కప్పుకుని.

"ఏయ్! మనిషివా గొడ్డువా? ఎవరో చెప్పి రాకూడదూ?"

"మా ఇంటికి నేను పోతన్నాను ఆంటీ!"

"పోతే చప్పుడు చేసుకుంటూ పో!"

లోపలికి వెళ్లి బియ్యం కడిగింది. నూకన్నకి కూడా కలిపే పోసింది. ఒక గుప్పెడు ఎక్కువే వేసి, ఆ ఎక్కువ ఎందుకో తనకి తానే చెప్పుకోకుండా గిన్నె పొయ్యి మీద పెట్టింది. తడిసి వస్తాడు, ఆకలి మీద ఉంటాడు. స్టీవెన్‌గాడు కూడా కొట్టుదాకా పోయే ఓపిక లేక ఇక్కడే తింటానంటాడు. తిననీ. ఎసరు కాగేదాకా నిలబడలేక మళ్లీ అరుగు మీదకి వచ్చింది. వాన ఏటవాలుగా కొడుతోంది. మధ్యాహ్నం దాటిందో లేదో, సాయంత్రమైనట్టే ఉంది.

మైకు పలకలేదు. ఇందాకటి నుంచీ పలకలేదు. పలికినప్పుడు భయం వేసింది, పలకకపోతే అంతకన్నా భయం వేసింది.

పోకచెట్ల మలుపు దగ్గర గొడుగు కనబడింది.

ఒక పక్క కమ్మి వంగిపోయిన నల్ల గొడుగు. దాన్ని కాసులమ్మ చీకట్లో కూడా గుర్తుపడుతుంది. చెవులు రిక్కించింది. గాలిలో అరుపు కొట్టుకుపోయి ఉంటుంది. ఇప్పుడరుస్తుంది. ఇదిగో ఇప్పుడు.

గొడుగు మలుపు దాటింది. అరుపు రాలేదు.

"అరువే" అంది కాసులమ్మ, పెదాలు కదిలీ కదలకుండా. "ఉల్లిపాయలను. చింతపండను. ఏదో ఒకటి అడుగు, ఇంట్లో ఉన్నదంతా పట్టుకుపో."

గొడుగు పనసచెట్టు దాటింది. జ్ఞానవతి తల వంచుకుని, రాయి చూసి రాయి మీద అడుగేస్తూ వస్తోంది. జారకుండా జాగ్రత్తగా వస్తోంది, చేతిలో నిండుకుండ ఏదో ఉన్నట్టు.

కాసులమ్మ లేచింది.  లోపలికి వెళ్లి, ఎవరూ చెప్పకుండానే గ్యాసు మర తిప్పి మంట ఆర్పేసింది.

"అదేంటత్తయ్యా, అన్నం సగం కూడా ఉడకలేదు..." అంటూ హేమమాలిని తల తిప్పి, గుమ్మంలో గొడుగు ముడుస్తున్న మనిషిని చూసింది. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

జ్ఞానవతి లోపలికొచ్చింది. చీర కుచ్చెళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె మొదట చూసింది పొయ్యి వైపే. ఆరిపోయిన పొయ్యిని చూసింది, పక్కన గోడకానుకున్న కాసులమ్మని చూసింది. ఏదో అర్థమై ఉలిక్కిపడింది. లైటరు వెతికి తీసుకుని, మర తిప్పి, టక్కున వెలిగించింది.

"ఉడకనీ వదినా. నూకన్న ఉన్నాడు. బతికే ఉన్నాడు."

గరిటె కింద పడింది. హేమమాలిని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా గుమ్మానికి కరుచుకుపోయింది. కాసులమ్మకి ముందు ఊపిరి వచ్చింది, తర్వాత కోపం వచ్చింది.

"ముదనష్టపుదానా! మరి అరవ్వేమే? బతికున్నోడి కబురు తెస్తా నోరు మూసుకుని వస్తావా? నా ప్రాణం మలుపు కాడే పోయింది కదే! మెట్లెక్కి నువ్వొచ్చేలోపు నేను నా కొడుక్కి..."

గ్యాసు మర వైపు వేలు చూపించింది.

"అరుద్దామనే అనుకున్నాను వదినా" అంది జ్ఞానవతి. గొంతు గాలి పోయిన బాకాలా ఉంది. "మలుపు కాడ నోరు తెరిచాను. రాలేదు. మళ్లీ తెరిచాను. ఏటీ రాలేదు."

అప్పుడు కాసులమ్మ ఆమె మొహం చూసింది. ఇంతసేపూ చూడనే లేదని అప్పుడు తెలిసింది.

"స్టీవెను?"

జ్ఞానవతి కింద కూర్చుంది. తడిచీరతోనే. చెప్పింది, ఒక్కో ముక్కా. అవతలి దీవిలో అడవి శాఖవాళ్ల క్యాంపు ఉంది కదా, అక్కడి వాగు మూతిలోకి నూకన్న డింగీ కొట్టుకొచ్చిందట. వాళ్లే వైర్‌లెస్‌లో చెప్పారట. గాలి మొదలయ్యేసరికి స్టీవెన్ ఇంజన్ ఆగిపోయింది. నూకన్న తన డింగీకి తాడు కట్టి వాడి డింగీని లాక్కొస్తున్నాడు. సగం దారిలో కెరటం ఎత్తి కుదేసింది. తాడు తెగింది.

పొయ్యి మీద గిన్నె మూత కటకటలాడుతోంది. ఎవరూ తీయలేదు.

కాసులమ్మ మెడ నిటారుగా పెట్టుకుని అడిగింది. ఆ ప్రశ్న ఇంకెవరో అడిగేకన్నా తానే అడగడం నయమనుకుంది.

"తెగిందా? కోశాడా?"

"అత్తయ్యా!" అంది హేమమాలిని.

"నువ్వూరుకో. సెప్పవే జ్ఞానవతీ. నా కొడుకైతే మాత్రం ఏటి, అడగాలి కదా."

"తెగింది వదినా. తెగాక వెనక్కి తిరిగి వెతికాడంట. డబ్బాలో చమురు అయిపోయేదాకా అక్కడక్కడే తిరిగాడంట. అందుకే వాడూ కొట్టుకుపోయాడు. క్యాంపువాళ్లు అన్నం పెడితే తినడం లేదంట, స్టీవెన్ వచ్చాడా అని అడుగుతున్నాడంట. నూకన్న గురించి అలా అడక్కు."

కాసులమ్మ మూత తీసింది. ఏదో ఒకటి చేయాలి కాబట్టి గంజి వార్చే గుడ్డ వెతికింది. కొడుకు బతికాడన్న సంతోషం గొంతు దాకా వచ్చి అక్కడ అడ్డం పడింది. దాన్ని మింగడానికీ లేదు, బయట పెట్టడానికీ లేదు. ఎదురుగా కూర్చున్నది ఈ మనిషి. ఇంత వానలో తన కొడుకు ఏమయ్యాడో తెలియకుండా, ముందు ఈ ఇంటికి నడిచొచ్చింది. కళ్యాణి ఇంటికి నడిచినట్టే.

"కోస్ట్ గార్డోళ్లు?"

"బయల్దేరారంట. గాలి తగ్గితే దగ్గర పడతారంట. డింగీ తేలుతానే ఉంటాది, నీళ్లు తోడుకుంటే చాలంటున్నారు మాస్టారు. వాడికి తోడడం వచ్చు. చిన్నప్పటి నుంచీ..." ఆమె ఆగింది. "జెట్టీ నిండా జనం ఉన్నారు వదినా. నేను అటు తిరిగితే అటు మాటలు ఆగిపోతున్నాయి. ప్రతి మొహమూ చూసుకోవాల్సొస్తంది, దీనికి తెలుసా, వీడికి తెలుసా అని. అక్కడ నిలబడలేను. ఇంటికి పోయి కూచుంటాను."

"ఇక్కడే ఉండు. అన్నం తిను."

"లేదు. వాడొస్తే ఇంటికే వస్తాడు."

లేవబోతూ జ్ఞానవతి బొడ్లో చెయ్యి పెట్టింది. చుట్టచుట్టిన మైకు సెట్టు నల్ల వైరు బయటికి తీసింది. ప్లగ్గుకి నీటి చుక్కలు పట్టుకుని ఉన్నాయి. దాన్ని కొంగుతో తుడిచి కాసులమ్మ చేతిలో పెట్టింది.

"ఇదెందుకే నాకు?"

"నీ కాడ ఉంటే ఎవరూ అడగరు. నీ నోరంటే మాస్టారికి కూడా భయమే." నవ్వబోయింది, కుదరలేదు. "అందరిళ్లకీ నేను నడిచాను వదినా. ఇందాక మీ మెట్లెక్కుతా ఉంటే తట్టింది. మా ఇంటికి ఎవరు నడుస్తారు? నడిచేవాళ్లే లేరు. మాస్టారు వస్తే కళ్లజోడు తుడుచుకుంటా వస్తారు, అది చూస్తేనే నా పని అయిపోతాది. పాస్టరుగారు బైబిలు లేకుండా ఉత్తి చేతుల్తో వచ్చినా భయమే. నువ్వు పోయి చౌకీలో కూచో. వైర్‌లెస్‌లో ఏదొచ్చినా నువ్వే తీసుకురా."

"నా నోరు మంచిది కాదే" అంది కాసులమ్మ. మొదటిసారి ఆ మాట తగ్గించుకుని అంది.

"అందుకే నువ్వు రావాలి."

జ్ఞానవతి గుమ్మం దగ్గర నిలబడి గొడుగు విప్పింది. వంగిన కమ్మిని వేలితో సరిచేసింది. అది మళ్లీ వంగిపోయింది. దారి వైపు చూస్తూ మాట్లాడింది, ఒక్కో మాటా చెరిగి వేసినట్టు.

"కాకపోతే, నాలాగా రాకు వదినా. నోరు మూసుకుని మాత్రం రాకు. అది ఎలాగుంటాదో ఇందాక నీ పొయ్యి చూశాక తెలిసింది నాకు. ఇన్నాళ్లూ తెలవలేదు. కబురు మంచిదైనా, ఇంకోటైనా సరే, మా కొబ్బరిచెట్ల కాడ నుంచే తిట్టుకుంటూ రా. 'ఒసే జ్ఞానవతీ, నీ టీలో పంచదార చచ్చిందా' అను. నా పూరీల్ని తిట్టు, నా కొడుకు ఇంజన్ని తిట్టు. రోజూ తిట్టినట్టే తిట్టు, ఒక్క మాట కూడా తగ్గించకు. గుమ్మంలోకి వచ్చేదాకా ఆపకు. అంతవరకూ వాడు నాకు ఉంటాడు. తిట్టుకుంటూ రా వదినా."